నూతిలో రంగు

2025 జనవరి 19, ఆదివారం. రాజోలు.

పండక్కొచ్చిన వాళ్ళందరూ హైదరాబాదు బస్సులెక్కేశారు. మాఘం పెళ్ళిళ్ళు మొదలవడానికి ఇంకా పది రోజులుంది. స్టూడియోలో ఈగలు తోలుకోవడం ఎందుకని కుర్రాడూ నేనూ షట్టరు సగం దించి ఒక సినిమా చూశాం. పేరు ‘ది కాల్ ఆఫ్ క్తుల్హు’. పలకమంటే మావాడు “కుతూహలమా అన్నయ్యా?” అన్నాడు. వాడి తప్పేం లేదు. అది మనిషి నోటికి తిరిగే పేరు కాదని కథ రాసిన లవ్‌క్రాఫ్టే చెప్పాడు.

2005లో తీశారు. 47 నిమిషాలు. మాటల్లేవు, రంగుల్లేవు. తీసింది పేరున్న కంపెనీ కాదు, లవ్‌క్రాఫ్ట్ పేరు మీద సంఘం పెట్టుకున్న స్నేహితులు. దర్శకుడు ఆండ్రూ లీమన్, స్క్రిప్టు షాన్ బ్రానీ. సముద్రం అడుగున నిద్రపోయే పెద్ద జీవి, మునిగిపోయిన పట్నం, ఓడ. కోట్లున్న వాళ్ళు కూడా జడిసే కథ. ఆ కథ 1928లో అచ్చయింది. వీళ్ళు ఆ రోజుల్లోనే ఎవరో మూకీగా తీసి వదిలేసినట్టు తీశారు. మూకీలో అట్టగోడ అట్టగోడలాగే కనబడినా ఎవరూ తప్పు పట్టరు. గుడ్డ ఊపి సముద్రం అన్నారు. ఆ జీవిని బొమ్మ చేసి, ఒక్కో ఫ్రేముకి కాస్త కాస్త జరిపి నడిపించారు.

“మనం పెళ్ళి స్టేజీ వెనకాల కట్టే జలపాతం తెర దీనికంటే నయం” అన్నాడు కుర్రాడు. నేనూ నవ్వాను. పడుకున్నాక మాత్రం ఆ గుడ్డ సముద్రమే కళ్ళ ముందు ఆడింది. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. లేని డబ్బుని ఉన్నట్టు చూపించడమే మా వృత్తి. వీళ్ళు లేనిదాన్ని లేనట్టే చూపించి భయపెట్టారు.

జనవరి 22, బుధవారం.

లవ్‌క్రాఫ్ట్ కథలు తిరగేస్తుంటే ఒకటి వదల్లేదు. ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’. 1927 సెప్టెంబరులో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికలో వచ్చింది.

ఒక రైతు ఇంటి నూతి పక్కన ఆకాశం నుంచి రాయి పడుతుంది. ప్రొఫెసర్లు వచ్చి ముక్క కొట్టి పట్టుకెళ్తారు. ఆ ముక్క రోజురోజుకీ తరిగిపోతుంది. రాయి లోపల బుడగ లాంటిదొకటి, ఈ లోకంలో ఎవరూ చూడని రంగు. తర్వాత పిడుగులు పడి రాయి ఆనవాలు లేకుండా పోతుంది. ఆ ఏడు పళ్ళు ఎప్పుడూ లేనంత పెద్దవి కాస్తాయి. కొరికితే చేదు. ఆ పైన చెట్లు, గొడ్లు, ఇంట్లో మనుషులు ఒక్కొక్కరే బూడిదరంగుకి తిరిగి పొడిపొడిగా రాలిపోతారు. రైతు మాత్రం ఇల్లు వదలడు. ఆ నూతి నీళ్ళే తోడుకుని తాగుతుంటాడు.

వంటింట్లో అమ్మకి ఈ కథ చెప్పాను. వయసులో ఉండగా యండమూరి ‘తులసిదళం’ కోసం వారం వారం కాచుకుని చదివిన మనిషి. యండమూరి వీరేంద్రనాథ్ పుట్టింది మా రాజోల్లోనే, అదొక గర్వం ఆవిడకి. ఆయన ‘తులసి’ నవల 1986లో ‘కాష్మోరా’ సినిమా అయితే అదీ చూసింది. అంతా విని, “మరి విరుగుడు ఎవరు చేస్తారు?” అంది.

“ఎవరూ చెయ్యరు.”

“మంత్రగాడు గానీ, డాక్టరు గానీ, పూజారి గానీ?”

“ఎవరూ రారమ్మా. అసలదేంటో ఎవరికీ తెలీదు.”

“అయితే అది కథెలా అవుతుందిరా?” అని తాలింపు వేసుకుంది.

అమ్మ పట్టుకున్న చోటే అసలు చిక్కు. మన దెయ్యానికో పేరుంటుంది, ఓ కోరికుంటుంది. చేతబడి చేసినవాడు పొరుగువాడో దాయాదో అయ్యుంటాడు. పగ తీరితేనో ముడుపు చెల్లితేనో అది వెళ్ళిపోతుంది. ఈ కథలో వచ్చినదానికి రైతు మీద పగ లేదు. అక్కడొక రైతు ఉన్నాడన్న సంగతే దానికి పట్టదు. ఈ రకం భయాన్ని తెలుగు తెర మీద నేను చూసిన గుర్తు లేదు.

దీన్ని ఇరవై నిమిషాల సినిమాగా తీస్తాను. లవ్‌క్రాఫ్ట్ 1937లో పోయాడు. మన చట్టంలో రచయిత పోయిన 60 ఏళ్ళకి హక్కులు తీరిపోతాయి. కథకి పైసా కట్టక్కర్లేదు.

జనవరి 28, మంగళవారం.

మావయ్య వచ్చాడు. రాయి పడ్డ రాత్రి వెలుతురు ఎలా ఉండాలని అడిగితే పాసర్లపూడి ఎత్తాడు.

1995 జనవరి 8. చమురు సంస్థ తవ్వుతున్న పాసర్లపూడి బావిలో గ్యాసు ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండింది. అప్పుడు నేను పిల్లాణ్ణి. చప్పుడు గుర్తుంది, వెలుతురు గుర్తు లేదు.

“రాత్రిళ్ళు దీపం అక్కర్లేదురా. ఆకాశం అంతా నారింజరంగు” అన్నాడు మావయ్య.

“నారింజేంటి, తెల్లగా ఉండేది, వెల్డింగ్ వెలుతుర్లాగ” అంది అమ్మ.

ఎదురింటి మేష్టారు గుమ్మంలోంచే, “ఇద్దరూ తప్పే. ఎరుపు. మబ్బు పట్టిన రోజు ఊదా” అన్నారు.

ముగ్గురూ ఒకే మంటని రెండు నెలలపాటు చూశారు. ముప్ఫై ఏళ్ళకి మూడు రంగులు మిగిలాయి. ఎవరూ చూడని రంగు మాట దేవుడెరుగు, అందరూ చూసిన రంగుకే సాక్ష్యం కుదర్లేదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను, పనికొస్తుంది.

వెళ్తూ మావయ్య, “ఆ మంటనే రాయి బదులు పెట్టెయ్, అందరికీ అర్థమవుద్ది” అన్నాడు. కుదరదన్నాను. మంట అనగానే ఇక్కడ ఎవరికైనా పాసర్లపూడితో పాటు నగరం ఊరు గుర్తొస్తుంది. 2014 జూన్ 27 తెల్లారుజామున అక్కడ గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. ఆ ఇళ్ళ వాళ్ళు ఇంకా ఇక్కడే మన మధ్య తిరుగుతున్నారు. వాళ్ళ మంటని నా భయం సినిమాకి వాడుకోను.

ఫిబ్రవరి 2, ఆదివారం.

కేశనపల్లి వైపు ఒక కొబ్బరి తోట చూసొచ్చాం. మాకు వరసకి బాబాయి అయ్యే రైతుది. రెండెకరాలు.

ఇంతకుముందు పెళ్ళి షూట్లకి ఎన్నో తోటలు చూశాను గానీ వాటిలో పచ్చటివే ఏరుకునేవాణ్ణి. ఇలాంటి తోట ఎదురైతే కారు ఆపకుండా పోయేవాణ్ణి. వంద చెట్లకి నలభై దాకా తలల్లేవు. శంకరగుప్తం డ్రెయిను మీదుగా పోటుకి సముద్రపు నీళ్ళు ఎగదన్ని తోటల్లోకి వస్తాయి. పాటు వచ్చినా తీయవు, నిలబడిపోతాయి. ఉప్పుకి వేరు చస్తుంది. ముందు పిందె రాలుతుంది. తర్వాత కాయ సన్నబడుతుంది, మట్టలు కురచబడి పసుపుకి తిరుగుతాయి. చివరికి మొవ్వు వాలిపోయి తల ఊడి కింద పడుతుంది. వేపకో మామిడికో అయితే కొమ్మ కొట్టేస్తే ఇంకో చోట చిగురొస్తుంది. కొబ్బరికి ఉన్నది ఒక్కటే మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే.

మాను మాత్రం నిలబడే ఉంటుంది. బూడిదరంగుకి తిరిగి, నున్నగా, స్తంభంలాగ. లవ్‌క్రాఫ్ట్ ‘బూడిదరంగు’ అన్నప్పుడు నేను ఊహించుకున్నదానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

తోట మధ్యలో నుయ్యి ఉంది. గిలక తుప్పు పట్టింది. బాబాయి చేదతో తోడి దోసిట్లో పోశాడు. నోట్లో పెట్టుకుని ఉమ్మేశాను.

“మేం ఎప్పట్నించో తాగట్లేదు. టిన్నులు కొనుక్కుంటున్నాం” అన్నాడు.

“మరి ఇక్కడే ఉంటున్నారెందుకు బాబాయ్?”

“ఎక్కడికెళ్తాంరా? ఇల్లు ఇక్కడుంటే” అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

రైతు ఇల్లెందుకు వదల్లేదో స్క్రిప్టులో రాయలేక మూడు కాగితాలు చించాను. ఇక రాయక్కర్లేదు.

ఫిబ్రవరి 8, శనివారం.

భీష్మ ఏకాదశి. అంతర్వేది తీర్థం. నిన్న రాత్రి నరసింహస్వామి కల్యాణం, ఇవాళ రథం. కుర్రాడు డ్రోను పట్టుకుని అక్కడికే పోయాడు. జనరేటరు అక్కడే, లైట్లవాళ్ళు అక్కడే. షూటింగు లేదు. నరసింహుడికి లేని భయం సినిమా మనకెందుకని అమ్మ ఎకసెక్కం.

ఫిబ్రవరి 11, మంగళవారం.

ఇవాళ నవ్వులపాలయ్యాం.

నూతిలో రంగు కావాలి. ముందు నీలం లైటు దింపి చూశాం, ఈతకొలనులా ఉంది. ఆకుపచ్చది పెడితే తీర్థంలో రంగురాట్నంలా ఉంది. కుర్రాడు మందుల షాపుకి పోయి పొటాషియం పర్మాంగనేటు తెచ్చాడు. చిటికెడు వేశాం. నల్లటి గింజలు నీళ్ళ మీద పడి, ఊదారంగు దారాల్లాగ కిందకి సాగుతూ విచ్చుకున్నాయి. మానిటర్లో చూస్తే నిజంగా ఒళ్ళు జలదరించింది. ఇదే, ఇదే అని ఎగిరాం.

అప్పుడు బాబాయి వాళ్ళమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి నూతిలోకి తొంగి చూసింది. ఎనభై దాటి ఉంటాయి.

“కలరా మందేశారా అబ్బాయ్? ఎక్కడొచ్చింది జబ్బు?” అంది.

అయిపోయింది. తుఫాను పోయాక నూతుల్లో ఆ మందు కలిపేవాళ్ళట. ఆవిడకి ఆ రంగు భయం కాదు, ధైర్యం. గవర్నమెంటు వాళ్ళు వచ్చారు, ఇక ఫర్వాలేదు అన్న గుర్తు. 1996 నవంబరు 6 నాటి తుఫానులో ఒక్క రాత్రికి తోటంతా పడిపోయిన సంగతి చెప్పుకుంటూ గట్టు మీదే కూర్చుంది. కెమెరా కట్టేసి మేమూ వింటూ కూర్చున్నాం.

ఫిబ్రవరి 12, బుధవారం.

ఈ చిక్కు నాకొక్కడికే వచ్చింది కాదు. ఇదే కథని 1965లో బోరిస్ కార్లాఫ్‌తో తీశారు, 1987లో తీశారు. 2019లో రిచర్డ్ స్టాన్లీ నికొలస్ కేజ్‌ని పెట్టి తీసి, తెరంతా గులాబి, ఊదా కలిపి పోశాడు. దానికో తర్కం ఉంది. ఇంద్రధనుస్సులో మెజెంటాకి చోటు లేదు. ఎరుపూ నీలం ఒకేసారి కంటికి తగిలితే మెదడు కల్పించుకునే రంగు అది. లోకంలో లేని రంగుకి అంతకంటే దగ్గరి చుట్టం దొరకదు. కాకపోతే మా ముసలమ్మ ముందు అది కలరా మందు.

జర్మనీలో హువాన్ వూ అనే ఆయన 2010లో ‘దీ ఫార్బె’ అని తీశాడు. తక్కువ డబ్బుతోనే. అమెరికా పొలాన్ని తన దేశపు పల్లెకి మార్చుకున్నాడు. సినిమా అంతా నలుపు తెలుపు, ఆ ఒక్కదానికే రంగు. రంగు లేని లోకంలో ఏ రంగైనా పరాయిదే అవుతుంది. తెలివైన పని. నేనూ అలా తీయగలను. కానీ ఆయన దగ్గర తీసుకున్నట్టు ఉంటుందని మనసు ఒప్పలేదు.

మావయ్య నారింజ, అమ్మ తెలుపు, మేష్టారి ఎరుపు గుర్తొచ్చాయి. రంగు చూపించను. నూతిలోకి చూసే మొహాలు చూపిస్తాను. ఏం రంగని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతారు. సినిమా మొత్తం నలుపు తెలుపు, ఎక్కడా రంగు చుక్క ఉండదు. క్తుల్హు వాళ్ళు డబ్బు లేక గుడ్డ సముద్రం పెట్టారు. నేను అది కూడా పెట్టను.

ఫిబ్రవరి 16, ఆదివారం. తెల్లారుజాము.

ఒక తాతని ఒప్పించాం. కొబ్బరి దింపు తీసేవాడు. అరవై ఎనిమిదేళ్ళు, నాలుగేళ్ళ కిందటే చెట్టెక్కడం మానేశాడు. రైతు వేషం ఆయనది. మాటలు రాసిస్తే పలకలేనన్నాడు. సరే, రాయలేదు.

కథలో ఒక చోటుంది. గాలి లేకుండా చెట్లు వాటంతటవే కదులుతాయి. చదివినప్పుడు జడుసుకున్న చోటు అదే. మట్టలకి నైలాను తాడు కట్టి నలుగురు లాగితే సరిపోతుందని లెక్కేశాను. తాతతో చెబితే, “దాంట్లో జడుపేవుందండి? కొబ్బరి మట్ట ఎప్పుడు ఊరుకుందని?” అన్నాడు.

నిజమే. ఇక్కడ గాలి లేని పూట కూడా కొబ్బరాకు ఎక్కడో ఓ చోట ఆడుతూనే ఉంటుంది. పుట్టిన దగ్గర్నించి ఆ చప్పుడులోనే పడుకున్నాం. చెట్టు కదిలితే మాకు భయమెందుకు?

మరి తాతకి ఏది జడుపు అని అడిగాను. చెయ్యెత్తి చూపించాడు. అప్పుడే సముద్రం వైపు నుంచి గాలి లేచింది. తోట చివర బతికున్న చెట్లన్నీ జుట్టు విరబోసుకుని ఊగుతున్నాయి. మధ్యలో తలల్లేని నలభై మాన్లూ అంత గాలిలోనూ అలాగే నిలబడి ఉన్నాయి. వాటికి ఊగడానికి ఏమీ లేదు.

“ఇదిగోనండి. గాలొస్తే కూడా పలకట్లేదు. నేనెక్కిన చెట్లండివి” అన్నాడు.

కెమెరా అలాగే పెట్టి నాలుగు నిమిషాలు వదిలేశాను. తాడు లేదు, లైటు లేదు, రూపాయి ఖర్చు లేదు. లవ్‌క్రాఫ్ట్ గాలి లేకుండా చెట్లని కదిపాడు. మా సినిమాలో గాలి వీస్తున్నా చెట్లు కదలవు.

ఆ తర్వాత తాతని నూతి గట్టు మీద కూర్చోబెట్టి లోపలికి చూడమన్నాం. ఏం చూడాలి బాబూ అన్నాడు. ఏదో ఒకటి అన్నాను. చాలాసేపు చూశాడు. కట్ చెప్పడం మర్చిపోయాను.

మార్చి 2, ఆదివారం.

పగలు పెళ్ళి ఆల్బములు, రాత్రి ఎడిటింగు. చప్పుడు కోసం తంటాలు పడుతున్నాను. కీబోర్డు మీద వాయించినవన్నీ టీవీ సీరియల్‌లో అత్తగారు తలుపు తీసినట్టున్నాయి. చివరికి ఫోన్‌ని రికార్డింగులో పెట్టి, స్టీలు క్యారేజీ గిన్నెలో ఉంచి, మూత పెట్టకుండా చేద తాడుతో నూతిలోకి దింపాం. పైన గాలి వీస్తుంటే నూతి నోరు సీసా ఊదినట్టు సన్నగా మూలుగుతుంది. అరగంట రికార్డు చేశాం. సినిమాలో సంగీతం అదొక్కటే.

మూత లేకపోవడం వల్ల ఫోను తడిసి పాడైంది. కుర్రాడిది. కొనివ్వాలి. ఈ ఖర్చు సినిమా లెక్కలో వెయ్యను, నా మూర్ఖత్వం లెక్కలో వేసుకుంటాను.

మార్చి 15, శనివారం. రాత్రి 11.

లవ్‌క్రాఫ్ట్ పోయిన రోజు ఇదే. కావాలని పెట్టుకోలేదు, బాబాయికి ఖాళీ కుదిరింది ఇవాళే.

ఆ తోటలోనే, ఇంటి వాకిట్లో రెండు వాసాలకి దుప్పటి కట్టి ప్రొజెక్టరు పెట్టాం. నిన్న పౌర్ణమి. వెన్నెల కాస్తుంటే తెర మీద నలుపు నలుపుగా లేదు, బూడిదరంగుకి దిగింది. ముందు నొచ్చుకున్నాను, తర్వాత అదీ బాగానే ఉందనిపించింది. తలెత్తితే అవే మాన్లు, తెర మీదా అవే.

పద్దెనిమిది మంది చూశారు. ఎవరూ కేక పెట్టలేదు. ఒక పిల్లాడు నిద్రపోయాడు. మాన్లు కదలకుండా నిలబడ్డ చోట మాత్రం గుసగుసలు ఆగిపోయాయి. తాత తన మొహాన్ని అంత పెద్దగా చూసుకుని సిగ్గుపడి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

అయ్యాక ముసలమ్మని అడిగాను, తాత నూతిలో ఏం రంగు చూశాడని.

“ఏ రంగూ లేదు. ఉప్పు కనబడుద్దేంటి?” అంది.

అమ్మ మళ్ళీ విరుగుడు మాట ఎత్తింది. “ఆఖర్న ఓ మంచి మాటైనా పెట్టాల్సిందిరా” అంది. పెట్టలేదు. పెడితే అది వేరే కథవుతుంది. కాష్మోరాకి మంత్రం ఉంది, దీనికి లేదు. నేనొకటి కల్పించి పెడితే ఈ వాకిట్లో కూర్చున్న వాళ్ళే ముందు నవ్వేవాళ్ళు. డ్రెయిను పూడిక తియ్యాలి, పోటునీళ్ళకి అడ్డుకట్ట వెయ్యాలి అని వాళ్ళకి ఎప్పట్నించో తెలుసు. అది చెప్పడానికి సినిమా అక్కర్లేదు, ఆ పని అయ్యేదాకా ఉండే భయాన్ని చూపించడానికి కావాలి.

లెక్క రాసుకున్నాను. జనరేటరు 6,000. భోజనాలు 7,400. తాతకి నాలుగు రోజుల కూలి 4,000. సౌండు మిక్సింగు 8,000. హార్డు డిస్కు 5,200. తాళ్ళు, పెట్రోలు, వాడని కలరా మందు 860. మొత్తం 31,460 రూపాయలు. నిడివి 19 నిమిషాలు.

బయల్దేరుతుంటే బాబాయి వెనకాలే గేటు దాకా వచ్చాడు. సినిమా ఎలా ఉందో చెప్పలేదు. మాన్లు కొట్టేవాళ్ళు సోమవారం వస్తున్నారట, బేరం అయిపోయిందట.

“కొట్టే ముందు ఓసారి రా, ఇంకో ఫోటో తీసి పెట్టు” అన్నాడు.

సోమవారం ఒక పెళ్ళి ఒప్పుకున్నాను. దానికి కుర్రాణ్ణి పంపిస్తాను.